పరమాణువులను పేర్చు యంత్రములు సాధ్యములేనా?

హిమాయత్‌నగరు మీదుగా మొయినాబాదు, చేవెళ్ళలకు పోవు బాట కిరుప్రక్కల పెద్ద మఱ్ఱిచెట్లు నిలిచియున్న సంగతి మన విద్యార్థు లెల్లరకు దెలిసినదే. ఒక సాయంకాలము నేను వానిలో నొకదాని నీడను బస్సుకై వేచియుండగా, తొమ్మిదవ తరగతి బాలుడొకడు నన్ను సమీపించి, "సారూ, పరమాణువులను ఒక్కొక్కటిగా ఇటుకలవలె పేర్చి, మట్టినుండి బియ్యమైనను బంగారమైనను చేయు యంత్రములు వచ్చునట, నిజమేనా?" అని యడిగెను. నేను నవ్వి, "అది కట్టుకథ, అసాధ్యము" అంటిని. బాలుడు తలవంచుకొని వెడలిపోయెను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. తెలియని ప్రశ్నకు నవ్వు జవాబు కాదని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నేర్చినవాడనయ్యు, నే నా పాఠమును మఱచితిని. కావున పుస్తకములు తెఱచి కూర్చుంటిని.

ఈ యాలోచన వట్టి కట్టుకథ కాదు. 1959 సంవత్సరమున రిచర్డ్ ఫైన్‌మన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు, పరమాణువులను మన కోరినట్లు అమర్చుటకు ప్రకృతి నియమము లడ్డుపడవని యొక ఉపన్యాసమున జెప్పెను. 1989లో అమెరికాలోని ఐ.బి.ఎం. శాస్త్రజ్ఞులు మిక్కిలి చల్లని నికెలు లోహముపై 35 జీనాన్ పరమాణువులను సూదిమొనతో జరిపి, తమ సంస్థ పేరును వ్రాసిరి.

అయినను మూడక్షరములు వేఱు, మూటెడు బియ్యము వేఱు. పండ్రెండు గ్రాముల శుద్ధమైన బొగ్గులో సుమారు 6 పక్కన 23 సున్నలు పెట్టినంత సంఖ్యలో పరమాణువు లున్నవి. సెకనుకు పదిలక్షల చొప్పున పేర్చినను, ఆ పిడికెడు బొగ్గునకే 1,900 కోట్ల యేండ్లు పట్టును. ఈ విశ్వము వయస్సే సుమారు 1,380 కోట్ల యేండ్లు! అందుచే యంత్రము మొదట తనవంటి యంత్రమును తానే చేయవలెను. ఒకటి రెండై, రెండు నాలుగై, 79 మార్లు రెట్టింపైనచో ఆ పెద్ద సంఖ్యను అందుకొనవచ్చును.

ఇట్టి యంత్రములు సాధ్యములని ఎరిక్ డ్రెక్స్లర్ 1986లో నొక గ్రంథము వ్రాసెను. నోబెల్ బహుమానము నొందిన రిచర్డ్ స్మాలీ దాని నొప్పుకొనలేదు. పరమాణువును పట్టుకొను వ్రేళ్ళును పరమాణువులతోనే చేయబడవలెను గనుక అవి మిక్కిలి లావుగా నుండుననియు, పట్టినదానిని విడువక అంటుకొనిపోవు ననియు ఆయన యాక్షేపణ. 2003లో వారిరువురి వాదము అచ్చయ్యెను. నేటివఱకును, ఏ వస్తువునైనను పరమాణువు వెంట పరమాణువుగ కూర్చగల యంత్రమును ఎవరును నిర్మింపలేదు.

ఇంతవఱకు చదివి, నాకు మఱ్ఱిచెట్టు జ్ఞప్తికి వచ్చెను. ఆవగింజకన్న చిన్నదగు విత్తనమునుండి అంత మాను ఎట్లు వచ్చినది? ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును, వేరు తెచ్చిన నీటిని సూర్యరశ్మితో కలిపి చక్కెరను కూర్చుచున్నది. జీవకణములలో నిజముగనే గిరగిర తిరుగు సూక్ష్మయంత్ర మొకటి గలదు, అది ఏ.టి.పి. అను శక్తిద్రవ్యమును తయారుచేయును. దాని పనితీరును వివరించినందుకు పాల్ బోయర్, జాన్ వాకర్ గార్లకు 1997లో నోబెల్ బహుమానము లభించెను. ఆ ఏ.టి.పి.ని 1929లో కనుగొన్నవారిలో భీమవరమున జన్మించిన మన యెల్లాప్రగడ సుబ్బారావుగా రొకరు.

మఱునాడు తరగతిలో నేను లేచి, "నిన్న నేను తొందరపడి తప్పు చెప్పితిని" అని యొప్పుకొంటిని. మట్టినుండి బంగారము రాదు. పరమాణువులను పేర్చు విద్య ఒక మూలకమును మఱొక మూలకముగ మార్చజాలదు. బియ్యము మాట వేఱు. వరిమొక్క ఆ పనిని ప్రతి పంటకును చేయుచునే యున్నది. మనుష్యుని యినుపచేయి దానిని చేయగలదా యనునది మాత్రము ఇంకను తేలలేదు. బాలుడు తలయెత్తి, "అయితే నేను ప్రయత్నింపవచ్చునా సారూ?" అనెను. నా కన్నులు చెమర్చినవి.

రహదారి విస్తరణకై ఈ మఱ్ఱులను తొలగింపవలెనా యను వాదము ఏండ్లతరబడి నడచినది. ప్రియ విద్యార్థులారా, గొడ్డలికి గడియ చాలును. కూల్చినదానిని తిరిగి పేర్చు యంత్రము మనయొద్ద లేదు. సృష్టికర్త చేతిపనిని కాపాడుడు. అది ఎట్లు జరుగుచున్నదో వినయముతో శోధింపుడు. అసాధ్యమను మాటను నావలె తొందరపడి పలుకకుడు.