మెసేజ్ బాక్స్‌లో మన భాష



మేం కరీంనగర్ హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నం. మాలో ఎక్కువ మంది ఆదిలాబాద్ దిక్కు గూడేల నుంచి వచ్చినోళ్లం. ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటోళ్లం.

పోయినేడు కొత్త తమ్ముళ్ల స్కాలర్‌షిప్ వివరాలన్నీ ఒక్క ఎక్సెల్ షీటులో ఎక్కిద్దామని మేమే ఒక మ్యాక్రో రాసినం. పేరు, ఆధార్, కులం సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా ఒక్కొక్కటే అడుగుతది. అడిగేది మాత్రం ఇంగ్లిష్‌లో. అప్పుడది మాకు గొప్పగనే అనిపించింది.

ఒక కోలాం తమ్ముడు ఖాతా నంబరు సరిచేస్తుంటే, పాత వివరాలు తీసేయాలా అని బాక్స్ అడిగింది. ఎస్ అంటే మంచిదే అనుకొని నొక్కిండు. వరుస మొత్తం పోయింది. మ్యాక్రో చేసిన పని కంట్రోల్ జెడ్ కొట్టినా వెనక్కి రాదు. మేం చూసుకునేసరికి ఆఖరి తేదీకి ఒక్క రాత్రే ఉంది. తమ్ముడు ఊరికి పోయిండు, అక్కడ సిగ్నల్ లేదు. తెల్లారి వాళ్ల మామ ఫోన్ కలిసింది, అప్లికేషన్ పడ్డది. కానీ వాడు "అన్నా, నేనే ఏదో తప్పు నొక్కిన" అన్నడు. ఆ మాట మాకు మస్తు బాధైంది. వానికి రాని భాషలో అడిగింది మేము కదా!

సరే, తెలుగులో అడుగుదామని కూర్చున్నం. కోడ్ రాసే కిటికీలో తెలుగు కొడితే అన్నీ ప్రశ్నార్థకాలే. సెల్‌లో రాసి మెసేజ్ బాక్స్‌కు ఇచ్చినా అదే కథ. పైగా ఆ బాక్స్‌లో దాదాపు 1024 అక్షరాలే పడతయి. ఎస్, నో బటన్ల పేర్లు మార్చరాదు.

అందుకే ఆ బాక్స్‌ను వదిలేసి యూజర్‌ఫారం పెట్టినం. మాటలన్నీ ఒక షీటులో తెలుగులో రాసి, ఫారం తెరిచేటప్పుడు లేబుల్‌కు, బటన్లకు ఆ సెల్‌లోంచి తీసుకోమన్నం. తెలుగు చక్కగ కనబడ్డది. రెండు జాగ్రత్తలు: షీటు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలె, ఫారం పైపట్టీలో తెలుగు పెట్టొద్దు. ఇప్పుడు బటన్ల మీద "తీసెయ్", "ఉండనీ" అని ఉంటయి. తీసేసే ముందు పాత వరుస ఇంకో షీటులోకి కాపీ అయితది.

మాటలు సెల్‌లోనే ఉన్నయి కాబట్టి కోడ్ ముట్టకుండానే ఎవరైనా మార్చుకోవచ్చు. మన నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లోనే యూనికోడ్‌లో చేరింది. ముందుగాల తెలుగు అక్షరాల్లోనైనా సరే, ఈ రెండు బటన్ల మాటలు గోండిలో, కోలామీలో రాసి పంపండి. ఈసారి తమ్ముళ్లను వాళ్ల భాషలోనే అడుగుదాం.