వెళ్లి రండి

భిలాయి ఉక్కు కర్మాగారం మీద గద్దలు రెక్కలాడించకుండానే గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి. కొలుముల వేడికి తేలికైన గాలి పైకి లేస్తూ వాటిని మోస్తుంది. అక్కడ క్రేన్ ఆపరేటరుగా పనిచేసిన ఒక తెలుగు కార్మికునికి మాత్రం ఆ వేడి ముప్పైఅయిదేళ్ల శత్రువు. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలగకముందే ఆయన తండ్రి శ్రీకాకుళం నుంచి మట్టిపనికి వచ్చాడు. కొడుకు కరిగిన ఉక్కు కుండలకు పైన, కప్పు కింది క్యాబిన్‌లో ఉడికిపోతూ ఉద్యోగం ముగించాడు.

పదవీ విరమణ తరువాత కుమారుడు తల్లిదండ్రులను హిమాచల్ ప్రదేశ్‌లోని బిల్లింగ్ కొండకు తీసుకువెళ్లాడు. దిగువనున్న బీర్ గ్రామం కంటె అది సుమారు 1000 మీటర్లు ఎత్తు. 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ పోటీలు జరిగిన చోటు. 1978లో ఫ్రాన్సులోని మియుస్సీలో కొందరు పారాచూటిస్టులు, విమానం ఖర్చు లేకుండా, కొండవాలున పరుగెత్తి గాలిలోకి లేచారు. ఆ క్రీడ నేడు స్కాట్లండ్ కొండల నుంచి హిమాలయాల దాకా వ్యాపించింది. ఇందులో దూకడం ఉండదు. కాళ్లు నేలను విడిచేదాకా పరుగెత్తడమే.

పైలట్‌ను వెనుక కట్టుకొని ఆయన నాలుగడుగులు వేసి, లోయను చూసి ఆగిపోయాడు. పైకి లేచిన గుడ్డరెక్క పక్కకు ఒరిగి గడ్డిమీద కూలింది.

"ఇక చాలు. నాకు భయంగా ఉంది" అన్నాడు భార్యతో.

ఉదయం నుంచీ వద్దని వారించిన ఆమె కొంతసేపు మాట్లాడలేదు. "మీరు డ్యూటీకి వెళ్లిన ప్రతి రోజూ నాకు భయమే. అయినా గుమ్మంలో నిలబడి ఏమనేదాన్ని?"

ఆయన తలవంచుకున్నాడు. ఆ భయం సంగతి ఆయనకు అంతవరకు తెలియదు.

"వెళ్లి రండి" అన్నది ఆమె.

ఈసారి ఆయన ఆగలేదు. ఎండకు కాగిన కొండవాలు నుంచి వెచ్చని గాలి లేచి ఇద్దరినీ పైకెత్తింది. కొంచెం దూరంలో ఒక గద్ద అదే గాలిలో, రెక్క కదపకుండా తిరుగుతున్నది. భిలాయిలో తల పైకెత్తి చూసిన పక్షి ఇప్పుడు ఆయన కళ్ల ఎదుటనే ఉన్నది. ఇన్నేళ్లు ఒళ్లు కాల్చిన వేడి ఆయనను పసిబిడ్డను ఎత్తుకున్నట్లు మోసింది.

బీర్ పొలాల్లో దిగి చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. భార్య జీపు దిగి వచ్చేసరికి లేచి నిలబడి, డ్యూటీ నుంచి ఇంటికి చేరినప్పటిలాగే ఒక్క మాట అన్నాడు:

"వచ్చాను."