ఆలేరు ప్రయాణము – ఆసుయంత్రము

సికింద్రాబాదునుండి కాజీపేటకు పోవు రైలుమార్గమున, భువనగిరి యేకశిలాదుర్గమును దాటి కొంత దూరము పోయిన పిమ్మట ఆలేరు స్టేషను వచ్చును. కొలనుపాక జైనమందిరమును దర్శింపగోరువారు పెక్కండ్రు ఇచ్చట దిగుదురు. మేము మాత్రము ఒక యంత్రమును, అది పుట్టిన పల్లెను చూడగోరి దిగితిమి. ఆ పల్లె ఆలేరు మండలములోని శారాజీపేట.

ఈ ప్రాంతమున చిటికి చీరలు నేయుదురు. వీనికి నేసిన పిదప అద్దకము వేయరు. నేతకు ముందే నూలును ముడులుగట్టి రంగులలో ముంచుదురు. ముడిగట్టినచోట రంగు పట్టదు. ఇందులకు పేకనూలును వరుస తప్పకుండ పేర్చుకొనవలెను. దీనినే ఆసుపోయుట యందురు. ఒక కొనయందు ఒక మేకును, ఎదుటికొన నర్ధచంద్రాకారముగా మేకులవరుసయు నుండును. దారమును చేతబట్టి ఈ కొననుండి ఆ కొనకు, మరల ఆ కొననుండి ఈ కొనకు త్రిప్పుచుండవలెను. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 మారులు ఆడవలెను. నాలుగైదు గంటలు పట్టును. దినమునకు రెండు చీరలకు పోసినచో 18,000 మారులు! ఈ పని చిరకాలముగా ఇంటి యాడువారిదే. వంటయు, బిడ్డలపోషణయు వారికి తప్పినవి కావు.

కౌరవసభలో శ్రీకృష్ణుడు ద్రౌపదికి చీరలనొసగినపుడు ఏ యింతి భుజమును నొచ్చి యుండదు. మనము కట్టు చీరలన్నిటి వెనుకను ఒక చేయి కలదు.

శ్రీ చింతకింది మల్లేశముగారు 1972లో జన్మించిరి. ఆఱవ తరగతితో చదువు చాలించి నేతపనిలో ప్రవేశించిరి. తల్లి లక్ష్మిగారు ఆసుపోసి పోసి భుజముల నొప్పిచే బాధపడుట వారు నిత్యము చూచుచుండిరి. ఆ చేతిపనిని యంత్రముచే చేయింపవలెనని 1992లో పూనుకొనిరి. యంత్రశాస్త్రము చదివినవారు కారు, చేతిలో ధనము లేదు, అయినవారే నిరుత్సాహపఱచిరి. హైదరాబాదునకు పోయి కూలిపని చేయుచు, మిగిలిన సొమ్ముతో పరికరములు కొనుచుండిరి. బాలానగరులో పనికి పోయినపుడు అచ్చటి యొక యంత్రపు కదలికను చూచి, అంతవరకు తమకు చిక్కని కీలకమును గ్రహించిరి. 1999లో యంత్రము పూర్తియయ్యెను. దానికి తల్లిపేరనే లక్ష్మీ ఆసుయంత్రమని పేరిడిరి. 2017లో ప్రభుత్వమువారు వారిని పద్మశ్రీ బిరుదముతో సత్కరించిరి.

ఒక యింట ఆ యంత్రము పనిచేయుచుండగా చూచితిమి. దారము తనంతట తానే మేకులకు చుట్టుకొనుచుండెను. ఒకటిన్నర గంటలో ఒక చీరకు సరిపడు ఆసు ముగియును. ఇంటి పెద్దామె దారము తెగకుండ ఒక కన్ను వేసి, మనుమరాలికి జడ వేయుచుండెను. "మునుపు రాత్రయితె చెయ్యి లేవకపోతుండెనమ్మా! నా కొప్పు నేను కట్టుకోరాకపోతుండె" అని యామె నవ్వుచు చెప్పెను. మావారు బడిపంతులు. ఆఱవ తరగతితో ముగిసిన చదువును తలచుకొనియో యేమో, వారు చాలసేపు మాటాడలేదు.

ఈ శిల్పియొక్క తత్త్వము ఆ యింటనే మాకు బోధపడినది. కాగితముపై గీతలతో గాక తల్లి భుజముతో ఆయన ఆలోచన ఆరంభమైనది. ముడిగట్టుట, రంగులద్దుట, నేయుట – నేర్పుగల పనులన్నియు చేతులకే విడిచి, నొప్పిని మాత్రమే యంత్రమునకు అప్పగించిరి. అందుచే నేతగాని కళయు నిలిచినది, ఇల్లాలి చేయియు నిలిచినది.

సోదరీమణులారా! చిటికి చీర కొనునపుడు అంచును, రంగును చూచుటతో తృప్తిపడక, దానికి ఆసు ఎవరు పోసిరో, ఎట్లు పోసిరో యడుగుడు. మన యిండ్లలోను ఎవరును లెక్కింపని చేతిపనులు ఎన్నియో కలవు. వంగి యూడ్చు చీపురు పొట్టిదైన దానికొక పొడుగు కఱ్ఱ కట్టించుటకు పెద్ద చదువు అక్కఱలేదు. ఆ నడుము ఎవరిదో చూచు కన్ను కావలెను. మన కుమారులకు ఆ చూపు నేర్పు భారము మనయందే యున్నది.