మిక్సీ కొనుటకు ముందు

కార్వేటినగరమున మా యింట ఊరిబిండి నూరుట అత్తగారి యధికారము. వేయించిన చెనిక్కాయ విత్తులు, ఎండుమిరపకాయలు, చింతపండు, వెల్లుల్లి సన్నికల్లుపై నుంచి ఆమె పొత్రము నడపుచుండగా, సంగటి దింపకమునుపే మాకు నోరూరుచుండెడిది. ఈ వేసవిలో ఆమె మణికట్టు వాచెను. నడుమ నడుమ చేతిని చెంగులో దాచుకొనుట మేము చూచితిమి. ఆమె చెప్పలేదు, మేము అడుగలేదు. మిక్సీ కొనవలెనని మాత్రము నిశ్చయించితిమి.

మిక్సీ మాకు క్రొత్త గాదు. వెనుకనొక పండుగనాడు తగ్గింపు ధరకు ఆశపడి అయిదు గిన్నెల యంత్రమును తెచ్చితిమి. సాంబారు పొడికై గిన్నె నిండుగ ధనియాలు, మిరపకాయలు, కందిపప్పు పోసి ఆపక త్రిప్పితిమి. కమురుకంపు గొట్టి మోటారు మాడిపోయెను. దోషము సగము మాదే. ఇండ్లలో వాడెడి మిక్సీలు సాధారణముగా అయిదు నిమిషములు తిరిగి రెండు నిమిషములు ఆగవలెనను లెక్కతో నిర్మింపబడును. ఈ సంగతి యంత్రముతో వచ్చిన కాగితమున నుండెను. ఆ కాగితమును మేము అలమారులో డబ్బాల క్రింద పరచితిమి!

మన వంటకు యంత్రములు బెదరుట నేటిది కాదు. జర్మనీ మిక్సీ మన దినుసులకు తాళలేక చెడగా, బొంబాయిలో మాధురీ మాథుర్ గారి కొరకు ఆమె భర్త, ఇంజనీరగు సత్యప్రకాశ్ మాథుర్ గారు, గట్టి మోటారుతో వేరొకటి నిర్మించిరి. 1960ల దశాబ్దమున వెలసిన 'సుమీత్' మిక్సీ పుట్టుక యిదియే.

పొరుగింటివారు కోయంబత్తూరు గ్రైండరే కొనుడనిరి. కరెంటు ఆదా యగునని వారి వాదము. లెక్క వేసి చూచితిమి. 150 వాట్ల గ్రైండరు అరగంట తిరిగినను, 750 వాట్ల మిక్సీ ఆరు నిమిషములు తిరిగినను ఖర్చు సమానమే. యూనిట్టులో పదవ వంతైనను కాదు. ఇడ్లీపిండికి గ్రైండరునకు సాటి లేదు గాని, అందులో పొడులు కావు, పిడికెడు పచ్చడి రాదు. పైగా ఆ రాళ్లను ఎత్తి కడుగునది ఎవరు?

పుత్తూరు అంగడిలో అమ్మువాడు వాట్లు, గిన్నెలు ఏకరువు పెట్టుచుండెను. మేము ఐ.ఎస్.ఐ. ముద్రను, భారము మించినపుడు కరెంటును తెంచెడి అడుగు మీటను వెదకుచుంటిమి. అత్తగారు ఇవేవియు వినక, ఒక్కొక్క గిన్నె మూతను బిగించి విప్పి చూడసాగిరి. మేము తొందర పెట్టగా, "మూత బిగించేదానికి నాకు చేతగాకపోతే దినామూ నిన్ను పిలవాల్నా అమ్మాయ్?" అనిరి. మాకు మాట రాలేదు. మేమింతవరకు ఆమె నొప్పికి యంత్రము వెదకితిమే గాని, ఆమె చేతికి వెదకలేదు. సోదరీమణులారా, ఈ పరీక్ష ఏ కాగితమునందును లేదు.

రెండింటి మూతలు ఆమెకు లొంగలేదు. మూడవది సులువుగ కూర్చుండెను. అదియే కొంటిమి; మూడు గిన్నెలు, చిన్నది పచ్చడికి సరిపోవునది.

మరునాడు మీట త్రిప్పినది ఆమెయే. ఆపక త్రిప్పినచో చెనిక్కాయ విత్తులు నూనె వదలి ముద్దయగునని మేము చెప్పబోవునంతలో, ఆమె మూడుమార్లు త్రిప్పి ఆపి మూత తీసిరి. బిండి బరకగనే యుండెను. వ్రేలితో రుచి చూచి, రెండు వెల్లుల్లి రెబ్బలను మాత్రము సన్నికల్లుపై నలిపి కలిపిరి. ఆ సన్నికల్లు ఇంకను అచ్చటనే యున్నది.