నిమ్మకాయ నలిగాక... క్లిక్!

ఆదివారం పొద్దున్నే రుద్రారం గణేశ్‌గడ్డ దగ్గర ఒకటే సందడి. షోరూం నుంచి తిన్నగా వచ్చిన కార్లు, బైకులు, ఆటోలు, మధ్యలో రంగు కాగితాలు చుట్టుకున్న ఓ కొత్త లారీ... అన్నీ సిద్ధి వినాయకుడి ముందు వరస కడతాయి. పూజారి బానెట్ మీద కుంకుమతో స్వస్తిక్ గుర్తు దిద్దుతారు. బంతిపూల దండ పడుతుంది. కొబ్బరికాయ పగులుతుంది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెడతారు. స్టీరింగు ముందు కూర్చున్న ఇంటాయన దణ్ణం పెట్టుకుని బండిని మెల్లగా ముందుకు పోనిస్తాడు. నిమ్మకాయలు నలిగాయో లేదో, ఇంటిల్లిపాదీ కారు ముందుకొచ్చి నిలబడతారు.

‘ఆ... అందరూ ఇటు చూడండి!’

అంతే, తొలి ఫొటో అయిపోయింది. తీరా ఇంటికెళ్లి చూసుకుంటే కారు ముక్కు బూరెలా ఉబ్బి ఉంటుంది. వెనకభాగం బక్కచిక్కిపోతుంది. పైకప్పులోంచి కరెంటు స్తంభం మొలుచుకొస్తుంది. ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే, తెల్లకారు అందులో కలిసిపోతుంది. డోరు మీద చూస్తే ఫోను పట్టుకున్న బావమరిది ప్రతిబింబం! ఏళ్లతరబడి కూడబెట్టిన డబ్బుతో, ఇంకా ఏళ్లతరబడి కట్టాల్సిన వాయిదాలతో కొన్న కారుకి మిగిలే గుర్తు ఇదేనా?

అక్కర్లేదు. దీనికి ఖరీదైన కెమెరా కూడా అక్కర్లేదు. ఎక్కడ నిలబడాలి, ఏ వెలుతురులో తీయాలి, తీశాక ఎంతవరకు దిద్దాలి... ఈ మూడూ తెలిస్తే చాలు. అవి నేర్చుకోవడానికి పటాన్‌చెరు నుంచి జహీరాబాద్ దాకా సాగే ముంబయి రోడ్డుని మించిన బడి లేదు.

బండ్ల పుట్టిల్లు

ఒకప్పుడు 9వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 65. ఈ దారికీ బండ్లకీ పాత చుట్టరికమే. జహీరాబాద్‌లో 1980లలో ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీలు తయారయ్యేవి. 1989లో ఆ కర్మాగారం మహీంద్రా చేతికొచ్చింది. తర్వాతి కాలంలో అక్కడ ట్రాక్టర్ల తయారీ కూడా మొదలైంది. సదాశివపేట దగ్గర ఎంఆర్‌ఎఫ్ టైర్లు పుడతాయి. ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో ‘శరత్’ యుద్ధ వాహనాలు తయారవుతాయి. అటువైపు మాత్రం కెమెరా తీయకూడదు. రక్షణ శాఖ ఆవరణ కదా!

కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో ఇంకో వింత. డ్రైవరు అవసరం లేని వాహనాల్ని పరీక్షించడానికి 2022లో అక్కడ ‘తిహాన్’ ప్రాంగణం మొదలైంది. అలాంటి బండికి కెమెరాలే కళ్లు. మనం కారుని ఫొటో తీయడం కాదు, దారి పొడవునా కారే మనల్ని ఫొటోలు తీసుకుంటూ పోతుందన్నమాట.

మొదటి పాఠం... మోకాలు వంచడం

గణేశ్‌గడ్డ దగ్గర ఫొటో ఎందుకు చెడింది? నిలువుగా నిలబడి, కారుకి మరీ దగ్గరగా వెళ్లి తీయడం వల్ల. ఫోన్లలో మామూలుగా పనిచేసే లెన్సు వైడ్ యాంగిల్‌ది. దగ్గరున్నదాన్ని పెద్దది చేసి, దూరమున్నదాన్ని చిన్నది చేసి చూపిస్తుంది. అందుకే ముక్కు ఉబ్బుతుంది. ఫ్రేము అంచుకి వచ్చిన చక్రం కోడిగుడ్డులా సాగుతుంది.

విరుగుడు తేలికే. పదడుగులు వెనక్కి వెళ్లి, ఫోనులో 2ఎక్స్ నొక్కాలి. మోకాళ్లు వంచి, కెమెరాని హెడ్‌లైట్ల ఎత్తుకి దించాలి. అప్పుడు కారు రోడ్డు మీద నిండుగా, నిబ్బరంగా కూర్చున్నట్టు కనిపిస్తుంది. నేరుగా ఎదుటినుంచి కాకుండా కాస్త పక్కకి జరిగి, ముందుభాగమూ ఒక పక్కా రెండూ కనపడేలా తీస్తే అందం. ముందు చక్రాన్ని కొంచెం తిప్పి, టైరు అరుగు బదులు చక్రం ముఖం కెమెరావైపు ఉండేలా చూసుకోవాలి. ప్రకటనల్లో కార్లన్నీ అలా చక్రం తిప్పి నిలబడేది అందుకే.

మరి కుటుంబం? కారు ముందు గోడకట్టినట్టు నిలబడితే కారు మాయమవుతుంది. అమ్మమ్మ ముందు సీట్లో, పిల్లలు తెరిచిన డోరు దగ్గర, ఇంటాయన బానెట్ పక్కన... ఇలా సర్దితే మనుషులూ కనపడతారు, కారూ కనపడుతుంది.

నాలుగు చక్రాల అద్దం

ఫొటోగ్రాఫర్ల దృష్టిలో కారంటే కదిలే అద్దం. చుట్టూ ఏముంటే అది దాని ఒంటిమీద కనిపిస్తుంది. ఎర్రచొక్కా వేసుకుని తీస్తే నల్లకారు డోరు మీద ఎర్ర మరక పడుతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు ముదురురంగు బట్టలు వేసుకుంటారు. ముందద్దంలో ఆకాశం మెరిసి లోపలున్నవాళ్లు కనపడకపోతే పోలరైజర్ అనే ఫిల్టరు ఆ మెరుపుని చాలావరకు తగ్గిస్తుంది. అది లేకపోతే రెండడుగులు పక్కకి జరిగినా చాలు, ప్రతిబింబం తప్పుకుంటుంది.

రంగుని బట్టి తిప్పలూ మారతాయి. ఫ్రేమంతా తెల్లకారే నిండితే కెమెరా వెలుతురు ఎక్కువైందని భ్రమపడి, దాన్ని బూడిదరంగులోకి దించుతుంది. అప్పుడు ఎక్స్‌పోజర్‌ని ఒక మెట్టు పెంచాలి. అదే నడినెత్తిన ఎండ ఉంటే బానెట్ తళుకులో గీతలు, వంపులు కొట్టుకుపోతాయి. అప్పుడు తగ్గించాలి. నల్లకారుది ఇంకో గోల. లారీలు రేపే దుమ్ము కడిగిన కాసేపటికే మళ్లీ పేరుకుంటుంది. డిక్కీలో ఓ మెత్తటి గుడ్డ పెట్టుకోవాల్సిందే.

మంజీర గాలిలో పొద్దు

అసలు మధ్యాహ్నం ఫొటోల జోలికే పోకపోవడం మేలు. పొద్దుపొడిచిన గంటలోపు, పొద్దుగుంకే ముందు గంట... వెలుతురు ఏటవాలుగా పడి కారు ఒంపుల్ని ఒక్కోటీ చెక్కినట్టు చూపిస్తుంది. మబ్బు పట్టిన రోజైతే మరీ మంచిది. ఆకాశమంతా ఒకే తెల్ల దుప్పటిలా మారి, మెరుపు మరకలు లేకుండా చేస్తుంది.

ఉదయం వెలుతురు కావాలంటే సంగారెడ్డి దాటి కల్పగూరు వైపు తిరగాలి. అక్కడ కాకతీయుల నాటి గుడి ఉంది. ఆ పక్కనే హైదరాబాద్‌కి తాగునీరిచ్చే మంజీర జలాశయం ఉంది. మొసళ్లని కాపాడటానికి 1978లో దీన్ని అభయారణ్యం చేశారు. కాబట్టి ఫొటో కోసం కారుని నీటి అంచుదాకా తీసుకెళ్లే సాహసం వద్దు, హారన్ మోతలూ వద్దు. ఊరి దారిలో చెట్టు పక్కన, ఎవరి బండికీ అడ్డంలేకుండా ఆపితే చాలు. వెనక చెట్టుకీ కారుకీ మధ్య దూరం ఎంత ఎక్కువుంటే కారు అంత విడిగా, స్పష్టంగా కనిపిస్తుంది.

సాయంత్రానికి పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల్లో గొట్టాలు, షెడ్లు, ఎర్రబారిన ఆకాశం కలిసి సినిమా సెట్టింగులా కనిపిస్తాయి. కుర్రాళ్లు అక్కడికి కార్లతో రావడం సహజమే. కానీ అది సెట్టింగు కాదు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఓ ఔషధ పదార్థాల కర్మాగారంలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఆ గేట్ల ముందు షిఫ్టుకి నడిచివెళ్లే మనుషులుంటారు. వాళ్లని అడ్డంగా నిలబెట్టి, పక్కకి తప్పుకోమని తీసే ఫొటో ఎంత బాగుంటే మాత్రం ఏం లాభం?

ఇక్కడ మాత్రం ఆగొద్దు

ముత్తంగి దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కగానే చాలామందికి చెయ్యి ఊరుకోదు. ఎనిమిది వరసల నున్నటి రోడ్డు, విశాలమైన ఆకాశం... ‘ఒక్క నిమిషం ఆపవా!’ అంటారు. ఆ ఒక్క నిమిషమే ప్రమాదం. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద ఫొటోల కోసం ఆగడం నిషిద్ధం. 2023లో గరిష్ఠ వేగాన్ని గంటకు 120 కిలోమీటర్లకు పెంచారు. ఆ వేగంలో కారు సెకనుకి 33 మీటర్లకు పైగా దూసుకొస్తుంది. రోడ్డు పక్కన ఆగిన బండి వెనకొచ్చే డ్రైవరు కంటబడేలోపే జరగాల్సింది జరిగిపోవచ్చు.

పరుగెత్తుతున్న కారు ఫొటోయే కావాలనుకుంటే దానికి వేగం అక్కర్లేదు. అనుమతి ఉన్న ఖాళీ ఆవరణలో కారుని ముప్ఫై, నలభై కిలోమీటర్ల వేగంతో నడిపిస్తూ, షట్టర్ వేగం సెకనులో అరవయ్యో వంతు పెట్టి, కారుతోపాటే కెమెరాని తిప్పుతూ తీయాలి. వెనకున్నదంతా గీతల్లా సాగుతుంది, కారు నిలకడగా ఉంటుంది. చూసేవాళ్లకి వంద మీద పోతున్నట్టే అనిపిస్తుంది. పది తీస్తే ఒకటి కుదురుతుంది, అంతవరకు ఓపిక పట్టాలి.

దిద్దాలి... దాచకూడదు

ఫొటో తీశాక ఫోనులోనే దిద్దుకోవచ్చు. దానికీ ఓ వరస ఉంది. ముందు వంకర సరిచేయాలి. కారు ఏటవాలుగా జారిపోతున్నట్టుంటే మిగతా హంగులన్నీ వృథా. తర్వాత అక్కర్లేని అంచులు కత్తిరించాలి. ఆపైన వెలుతురు. తళుకు ఎక్కువైన చోట హైలైట్స్ తగ్గించి, చక్రాల చుట్టూ చీకటిలో షాడోస్ కొంచెం పెంచాలి. తెల్లకారు పచ్చగా పడితే వైట్ బ్యాలెన్స్ మార్చాలి. చివరగా రంగుల ముదురుదనం, అదీ ఉప్పు వేసినంతే! ఎక్కువైతే ఎర్రకారు టమాటాలా మారుతుంది, పక్కన పొలం ప్లాస్టిక్ గడ్డిలా కనిపిస్తుంది. అందరికీ పంపేముందు నంబరుప్లేటుని మసక చేయడం మరిచిపోకూడదు.

అయితే ఇప్పుడు వేలితో ఒక్కసారి రుద్దితే చాలు... గీత పోతుంది, సొట్ట పోతుంది, తుప్పూ పోతుంది. పూజనాటి ఫొటోలో కరెంటు తీగని చెరిపేస్తే నష్టమేమీ లేదు. కానీ అదే పని అమ్మకానికి పెట్టిన పాతకారు ఫొటోలో చేస్తే? పారిశ్రామికవాడలో పనిచేసే చిరుద్యోగి కొనే మొదటి కారు చాలాసార్లు సెకండ్‌హ్యాండ్‌దే. ఫొటో చూసి సెలవు పెట్టుకుని, మెకానిక్‌ని వెంటేసుకుని వస్తాడు. డోరు మీద సొట్ట కనపడగానే అతనికి ఆ ఒక్క డోరు మీదే కాదు, ఇంజిను మీద, కాగితాల మీద, చివరికి మనిషి మీద కూడా నమ్మకం పోతుంది. కొన్నాక తెలిస్తే పోయేది ఓ కుటుంబం దాచుకున్న డబ్బు.

అందుకే అమ్మేవాళ్లు గీత పక్కన ఓ రూపాయి బిళ్ల పెట్టి మరీ ఫొటో తీయాలి. ఎంత గీతో తెలుస్తుంది. నాలుగు పక్కలు, నాలుగు టైర్ల అరుగు, మీటరు రీడింగు, సీట్లు, డిక్కీ, ఇంజిను... అన్నీ పగటి వెలుతురులో తీయాలి. తడికారు ఫొటోలు వద్దు, నీళ్లు గీతల్ని దాచేస్తాయి. కొనేవాళ్లు కూడా మరీ నిగనిగలాడే ఫొటో కనపడితే అదే చోటుని ఇంకో కోణంలో తీసి పంపమని అడగాలి. సూత్రం ఒక్కటే. ఫొటోలో తప్పులు దిద్దొచ్చు, కారులో తప్పులు దాచకూడదు.

కారు పోయినా...

మళ్లీ గణేశ్‌గడ్డకి వస్తే... పొద్దు కాస్త పైకొచ్చింది. ఇంకో కారు, ఇంకో కుటుంబం. ఈసారి ఫొటో తీసే కుర్రాడు పదడుగులు వెనక్కి నడిచి, మోకాళ్లమీద కూర్చున్నాడు. కరెంటు స్తంభం తప్పుకుంది. గుడి ఫ్రేములోకి వచ్చింది. బానెట్ మీద కుంకుమ, దండలోంచి రాలిన బంతి రేకులు, చక్రం కింద నలిగిన నిమ్మచెక్క... అన్నీ కనిపిస్తున్నాయి. వాటిని చెరపాల్సిన పనిలేదు.

పదేళ్లకో, పదిహేనేళ్లకో ఆ కారు చేతులు మారుతుంది. అప్పుడు ఇంట్లో మిగిలేది ఈ ఫొటోనే. దాన్ని చూసినప్పుడు ఎవరూ కారు మోడలేమిటని అడగరు. ‘అమ్మమ్మ ముందు సీట్లో ఎలా కూర్చుందో చూడు’ అంటారు. నలిగిన నిమ్మచెక్కని చూసి నవ్వుకుంటారు!