వరండా గ్లాసు

1941 సెప్టెంబరు 9, రంగం (రంగూన్)
మళ్ళీ వాన. పజున్‌డాంగ్ మిల్లుల పొగ కూడా పైకి లేవడం లేదు. నూకాలు ఆయనకి చుట్టలు తెచ్చింది. వరండాలో కూచుని దాని గ్లాసులో టీ తాగింది. కడిగి, కిటికీ పక్కన బోర్లించి పెట్టింది. ఎవరూ చెప్పక్కర్లేదు దానికి. అత్తయ్యగారు లోపల్నించి చూస్తూనే ఉన్నారు.
ఆయన పేపరు చదివి చెప్పారు. జూలైలో ఢిల్లీవాళ్ళూ రంగంవాళ్ళూ బయటపెట్టిన ఒప్పందంలో ఒక మాట ఉందట. కొత్తగా వచ్చే మనవాడు బర్మా ఆడదాన్ని కట్టుకుంటే పర్మిట్ రద్దు చెయ్యొచ్చట.
నూకాలు పగలబడి నవ్వింది. "మా అయ్య ఇప్పుడొచ్చుంటే నాను పుట్టేదాన్నే కాదమ్మగారూ!"
నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు.

సెప్టెంబరు 21
దానికి పేరు రాయడం నేర్పాను. నూకాలు. కొమ్ము దగ్గర చెయ్యి వణికింది. పక్కనే బర్మా సున్నాల్లో గబగబా మా ఖిన్ అని రాసేసింది. వాళ్ళమ్మ పెట్టిన పేరు అది.
మార్చిలో జనాభా లెక్కలవాడు వచ్చి జాతి ఏమిటన్నాట్ట. వాళ్ళమ్మ బర్మా అందట. వీధిలోవాళ్ళు నవ్వారట.
"ఏం రాసుకున్నాడు?"
"ఇంగిలీసులో రాసుకున్నాడమ్మగారూ."

అక్టోబరు 6
దీపాల పండగ. అత్తయ్యగారికి ఏదో చెప్పి నూకాలుతో ష్వేడగోన్ పగోడాకి వెళ్ళాను. మెట్ల కిందే చెప్పులు విడిచాం. ఎన్ని దీపాలు! బంగారం మీద పడి వెలుగే కరుగుతోందా అనిపించింది. నా బుగ్గలకీ థనకా, వాళ్ళు పూసుకునే చెక్క గంధం, రాసింది. చల్లగా ఉంది. ఇంటికొచ్చేముందు కడిగేసుకున్నాను.
దారిలో ఒక కుర్రాడు వెనకనించి "కలామా" అని అరిచాడు. ఇండియా ఆడదాన్ని వాళ్ళనే మాట.
ఇద్దరం తిరిగి చూశాం.

నవంబరు 16
ఇవాళ నూకాలు వాళ్ళమ్మ సంగతి చెప్పింది.
30లో గొడవలప్పుడు నేను కాపరానికొచ్చి ఏడాది కాలేదు. తలుపులు బిగించుకుని ఉప్పుడు బియ్యం గంజి తాగాం. రేవులో మనవాళ్ళు కూలి పెంచమని సమ్మె కడితే బర్మావాళ్ళని పనిలోకి దింపారు. సమ్మె తేలగానే వాళ్ళని పొమ్మన్నారు. చేసింది దొరల కంపెనీలు. కత్తులు మాత్రం దొరల బంగళాల వైపు పోలేదు.
వాళ్ళ నాన్నని బియ్యం బస్తాల వెనక దాచి, వాళ్ళమ్మ గడపలో కూచుని చుట్ట ముట్టించిందట. కత్తులతో వచ్చినవాళ్ళకి "ఇక్కడ కలాలెవరూ లేరు" అని చెప్పిందట. ఒళ్ళో నూకాలు. పదేళ్ళది. జడ అల్లుతూనే ఉందట.
వాళ్ళు వెళ్ళిపోయారు. అయ్య బతికాడు.
"ఎవరూ లేరంటే, నానూ లేననేనా అమ్మగారూ?"
ఏం చెప్పను?

డిసెంబరు 8
జపాన్ యుద్ధంలోకి వచ్చింది. ఆయన పెరట్లో గొయ్యి తవ్విస్తున్నారు. అత్తయ్యగారికి దిగులంతా తులసి కోట గురించే. అది పక్కకి జరపాలి.

డిసెంబరు 23, రాత్రి
చెయ్యి నిలవడం లేదు.
పొద్దున్న పది దాటింది. విమానాలు. జనం వీధిలోకొచ్చి తలెత్తి చూశారు. పిల్లలు లెక్కపెడుతున్నారు. ఎండకి మెరుస్తున్నాయి...
ఆయన మిల్లులో. నేనూ అత్తయ్యగారూ గోతిలో. నూకాలు ఎక్కణ్ణించి వచ్చిందో, మీద పడినట్టే దూకింది. "అప్పా, తల దించు!"
రేవంతా మంట. అత్తయ్యగారికి ఊపిరాడలేదు. నూకాలు ముంతతో నీళ్ళు తెచ్చింది. తల ఎత్తి పట్టి తాగించింది. తాగారు. ఇంకా కావాలన్నారు.
ఆయన చీకటి పడ్డాక వచ్చారు. చొక్కా నిండా నెత్తురు. ఆయనది కాదు.

డిసెంబరు 27
క్రిస్మస్ పండగనాడూ బాంబులు వేశారు. మనవాళ్ళంతా మూటలు నెత్తిన పెట్టుకుని ప్రోమ్ రోడ్డు పట్టారు. పాకీవాళ్ళు పోయారు. ఊరంతా కంపు. దొరలకి ఇప్పుడు తెలిసింది ఈ ఊరు ఎవరి చేతుల మీద నడుస్తోందో.
నూకాలు రాత్రిళ్ళు మా మధ్య గదిలోనే పడుకుంటోంది. అత్తయ్యగారు ఏమీ అనలేదు. వరండా గ్లాసు ఎటు పోయిందో తెలీదు. ఎవరూ వెతకలేదు.

1942 జనవరి 18
మద్రాసు ఓడకి టిక్కెట్లు. నాకూ అత్తయ్యగారికీ. మగవాళ్ళకి డెక్కు టిక్కెట్లు ఇవ్వడం లేదట. ఆయన నడిచి వస్తానంటున్నారు. ఎంత మామూలుగా అన్నారో ఆ మాట.
నూకాలుని రమ్మన్నాను.
"ఏ ఊరు అప్పా? అయ్యది ఏ ఊరో నాకు తెల్దు. ఇక్కడ తెలుగోళ్ళందర్నీ కోరంగి అంటారు. అందరూ కోరంగోళ్ళేనా?"
మా ఊరే అన్నాను.
"మీ ఊళ్ళో నన్ను ఎక్కడ కూకోబెడతావు?"
లోపల అత్తయ్యగారు దగ్గారు.

జనవరి 24
నూకాలు రేవు దాకా వచ్చింది. నీలం చీర ఇచ్చాను కదా, కట్టుకోలేదేం అని అడిగాను. లుంగీలోనే ఉంది, బుగ్గలకి థనకా.
"తిరిగి ఇంటికెల్లాల కదప్పా."
నిజమే. నాకెందుకు తట్టలేదు?
గేటులోంచి తనని రానివ్వలేదు. పైన కేబిన్లలో దొరసానులు. మేం డెక్కు మీద, పెట్టెల మధ్య.

మార్చి 12, కాకినాడ
రంగం జపాన్ చేతిలోకి పోయిందని పేపర్లో. ఆయన దగ్గర్నించి ప్రోమ్ నుంచి రాసిన కార్డు ఒక్కటే.
ఇక్కడ మమ్మల్ని కాందిశీకులంటున్నారు. నా తెలుగులో యాస ఉందట. వీధిలో పిల్లలు "రంగం ఆవిడ" అని వెంటపడతారు. తిరిగి చూడను.

ఏప్రిల్ 7
నిన్న ఇక్కడా బాంబులు పడ్డాయి. విశాఖపట్నంలో కూడానట. అందరూ విమానాలు చూడ్డానికి బయటికి పరిగెత్తారు. "తల దించండి!" అని అరిచాను. బర్మా మాటల్లో అరిచానని తరవాత చెప్పారు.

ఏప్రిల్ 21, పెద్దాపురం
బాంబుల తరవాత ఇక్కడికి చేరాం. ఆయన వచ్చారు. టౌంగుప్ కనమ దాటి, అక్కణ్ణించి పడవ. గుర్తుపట్టలేకపోయాను. దారిలో నీళ్ళ గురించి అడిగితే మాట మార్చేస్తున్నారు.
నూకాలు వాళ్ళ వీధి కాలిపోయిందట. మనుషుల సంగతి తెలీదట.

మే 3
పేరంటానికి వచ్చినవాళ్ళతో అత్తయ్యగారు చెప్తున్నారు. రంగంలో ఇన్నేళ్ళున్నా ఆచారం తప్పలేదట. బర్మావాళ్ళ చేతి చుక్క నీరు ముట్టలేదట.
నేను నూతి దగ్గరున్నాను.
"డిసెంబరు 23న తాగారు," అన్నాను. "రెండు సార్లు. పేరు నూకాలు."
పేరంటాళ్ళు తాంబూలం తీసుకుని లేచారు. అత్తయ్యగారు పొద్దుటినించీ నాతో మాట్లాడ్డం లేదు. భోజనాల దగ్గర మజ్జిగ మాత్రం అడిగారు.