దేయా: కవి ఎంచుకున్న కొండపల్లె

మధ్యధరా సముద్రంలోని స్పెయిన్ దీవి మయోర్కా. దాని వాయవ్య తీరాన, త్రముంతానా పర్వతాల వాలుమీద దేయా అనే చిన్న గ్రామం ఉంది. రాతి ఇళ్లు, సున్నం లేకుండా రాళ్లు పేర్చి కట్టిన గట్లు, వాటి మధ్య మెట్లుమెట్లుగా ఆలివ్ తోటలు. దిగువన నీలి సముద్రం.

దూరదేశపు పనిని ఇంట కూర్చుని చేయడం ఈనాటి వింత కాదు. ఆంగ్ల కవి రాబర్ట్ గ్రేవ్స్ 1929లోనే ఇక్కడికి వచ్చి, 1932లో ఇల్లు కట్టుకున్నాడు. లండన్‌కు పంపే పుస్తకాలే అతని జీవనాధారం. 1936లో అంతర్యుద్ధం అతణ్ణి వెళ్లగొట్టింది. 1946లో తిరిగివచ్చి, 1985లో మరణించేదాకా ఇక్కడే ఉన్నాడు. కలాన్ని నమ్ముకున్నవాడికి ఆనాడు ఆ పల్లె చౌక.

నేడు అలా కాదు. విదేశీ సంస్థలకు ఇంటినుంచే పనిచేసేవారికి స్పెయిన్ 2023 నుంచి ప్రత్యేక వీసా ఇస్తోంది, భారతీయులూ అర్హులే. పరదేశపు జీతంతో, సెలవు విడిదికై వచ్చే ధనవంతుల సొమ్ముతో స్థానికుని ఆదాయం పోటీపడలేదు. 2024లో దీవి రాజధాని పాల్మాలో వేలాదిమంది ఇళ్ల ధరలపై, పర్యాటక భారంపై నిరసన తెలిపారు.

2011లో యునెస్కో ఈ పర్వతసీమను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఆ గౌరవం ప్రకృతికి మాత్రమే కాదు. తరతరాలుగా గట్లు పేర్చి, కాలువలు తవ్విన చేతులకు కూడా. ఆ చేతులకు ఊళ్లో చోటు లేకపోతే, రేపు కూలిన గట్టును ఎవరు నిలబెడతారు?

చర్చి ఆవరణలో గ్రేవ్స్ సమాధి ఒక మామూలు సిమెంటు పలక. పేరు, సంవత్సరాలు, 'కవి' అన్న ఒక్క మాట. ఊరిని అతడు కోరినది అంతే.